ఫాదరమ్మ గారి గొంతు

యేసు మరియ జోజప్ప

చినలంక, నాగాయలంక దగ్గర
19-6-1994

తమ్ముడు ఫాదర్ బాలశౌరికి అక్క ఆరోగ్యమ్మ దీవించి రాయునది.

దీవించి అన్నానని మొహం ముడుచుకోకు. పోయిన ఉత్తరం చివర నువ్వు "ఆశీస్సులతో" అని రాశావు. నువ్వు గుడివాడ మొత్తానికి ఫాదర్‌వి కావచ్చు గానీ, నీ ముక్కు తుడిచింది నేను. మనిద్దరి మధ్య దీవెనలు పైనుంచి కిందికే రావాలి.

ఇక్కడ కొంప మునిగింది. మీ బావ గొంతు సంగతి నీకు తెలుసు కదా. ఉపదేశిగా ఏళ్ల తరబడి ప్రార్థనలు చెప్పి చెప్పి పోయిన ఏడు ఆ గొంతు కాస్తా పడిపోయింది. అవనిగడ్డ నుంచి ఫాదర్ గారు నెలకొకసారి పూజకి వస్తారు. మిగతా ఆదివారాలు ఉపదేశి ప్రార్థన చెప్పకపోతే గుడి తలుపు తెరిచి ఏం లాభం? అందుకని మీ బావ ముందు నిలబడి పెదాలు కదుపుతారు, నేను ఆడవాళ్ల వైపు స్తంభం చాటున కూర్చుని చెబుతాను. సినిమాలో హీరోకి వెనక పాడినట్టు. ఊరందరికీ తెలుసు, ఎవరికీ అభ్యంతరం లేదు. పైగా ఆయన చెప్పినప్పటికంటే బాగుందన్నారు. ఆ మాట మీ బావతో అనకు.

పోయిన ఆదివారం ప్రార్థనమాల చదువుతున్నాను. "పరిశుద్ధ అంతోనివారా" అని నేనంటే, "మా కొరకు ప్రార్థించండి" అని జనం. "పరిశుద్ధ సెబస్తియానువారా" అంటే మళ్లీ "మా కొరకు ప్రార్థించండి". ఇంతలో జోజిబాబు మేక లోపలికొచ్చి పీఠం మీద బంతిపూలు నమలడం మొదలెట్టింది. నాకు ఒళ్లు మండి, "ఒసే దొంగ మేకా, బయటికి పో!" అని అరిచాను. మీ బావ అలవాటు కొద్దీ దానికీ పెదాలు కదిపారు. జనం కూడా అలవాటు కొద్దీ "మా కొరకు ప్రార్థించండి" అన్నారు.

అప్పుడు చూశాను, గుమ్మంలో అవనిగడ్డకి కొత్తగా వచ్చిన ఫాదర్ రాయప్ప గారు. చెప్పాపెట్టకుండా వచ్చి ఎప్పటినుంచి నిలబడ్డారో!

"ఈ గొంతు ఎవరిది?" అని అడిగారు. మీ బావ నోరు తెరిచారు, ఏమీ రాలేదు. "నాదేనండీ" అని ఆ జవాబు కూడా నేనే చెప్పాల్సి వచ్చింది. ఆడవాళ్లు ఫాదర్లు కాకూడదని, వాళ్లకి గురుపట్టం లేదని పోప్ గారు ఈమధ్యే ఉత్తరం రాసి తేల్చేశారట. ఇకనుంచి నేను గుడిలో ప్రార్థన చెప్పకూడదట. గురుపట్టం ఎవరడిగారు? నేను మేకని తోలాను, అంతే.

నువ్వు ఆయనకి ఒక మాట రాయి శౌరీ. నాకు పట్టాలూ వద్దు, పీఠాలూ వద్దు. నా ఊళ్లో ప్రార్థన నా నోటితో నేను చెప్పుకోనిస్తే చాలు.

పేతురు పౌలుల పండక్కి నువ్వడిగిన ప్రసంగం వెనక కాగితాల్లో ఉంది. ఎప్పటిలాగే "నేను" అన్నచోటల్లా చూసుకుని మార్చుకో.

అక్క
ఆరోగ్యమ్మ

---

గుడివాడ
2-7-1994

అక్కకు నమస్కారాలు. ఆశీస్సులు ఈసారికి ఆపాను.

పేతురు పౌలుల ప్రసంగం బ్రహ్మాండంగా కుదిరింది. గుడ్లవల్లేరు పాలిటెక్నిక్ లెక్చరరు ఒకాయన పూజ అయ్యాక నా రెండు చేతులూ పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "కోడి కూసేలోపు ప్రభువును ఎరగనన్న పేతురు, కూత విని ఏడ్చాడని అందరూ చెబుతారు, ఆ కోడి మాత్రం మళ్లీ కూయడానికి ఎంత సిగ్గుపడి ఉంటుందో అన్నారే, ఆ మాట మీకెలా తట్టింది ఫాదర్?" అన్నాడు. ప్రార్థనలో తట్టిందన్నాను. ఎవరి ప్రార్థనలో అని ఆయన అడగలేదు కాబట్టి అది అబద్ధం కిందికి రాదు.

ఇక నీ విషయం. పోప్ గారి ఉత్తరం నేను చదివాను. క్రీస్తు ప్రభువు పన్నెండుగురు మగవాళ్లనే అపోస్తలులుగా ఎన్నుకున్నాడు, అది మార్చే అధికారం శ్రీసభకే లేదు అని అందులో ఉంది. ఆ ఉత్తరంలో ఉపదేశుల ఊసు లేదన్నది నిజమే. కానీ ఫాదర్ రాయప్ప గారు నాకంటే బాగా సీనియర్. సెమినరీలో నాకు లాటిన్ చెప్పారు. ఇప్పటికీ ఆయన్ని చూస్తే నాకు విభక్తులు గుర్తొచ్చి చెమటలు పడతాయి. నేను ఆయనకి చెప్పబోతే బాగోదు. కొన్నాళ్లు ఓపిక పట్టు. అన్నీ దేవుడు చూసుకుంటాడు.

ఆగస్టు పదిహేను మరియమాత మోక్షారోపణ పండుగ. కాస్త పొడుగ్గా రాసి పంపు. స్త్రీలకు వినయం ఎంత శోభనిస్తుందో అందులో వచ్చేట్టు చూడు.

నీ తమ్ముడు
ఫా. బాలశౌరి

---

చినలంక
24-7-1994

శౌరీ,

ఆడది వినయంగా ఉండాలని ఆడదాని చేత రాయించి మగాడు చదువుతాడన్నమాట. ఇంతకంటే వినయం ఇంకేం కావాలిరా? అయినా రాశాను. లోపల ఉంది.

పన్నెండుగురూ మగాళ్లే అన్నావు. పన్నెండుగురూ యూదులే. నువ్వే ఊరి యూదుడివి? వాళ్లలో చేపలు పట్టేవాళ్లూ ఉన్నారు. ఆ లెక్కన గురుపట్టం మన జాలరి పోతయ్యకి ఇవ్వాలి. నీకు ఈత కూడా రాదు, పంటు మీద ఏరు దాటేటప్పుడు కళ్లు మూసుకుంటావు. ఆ పన్నెండుగురూ తలుపులు బిగించుకుని కూర్చుంటే, తెల్లారకుండా సమాధి దగ్గరికి వెళ్లింది మగ్దల మరియమ్మ. వెళ్లి చూసొచ్చి ప్రభువు లేచాడని వాళ్లకి చెప్పింది. మొట్టమొదటి ప్రసంగం అదే కదా? నేనేమీ పోప్ గారితో పోట్లాడను. తనకే అధికారం లేదన్నారు, పాపం ఆయనదీ నా పరిస్థితే. మరి నన్ను నోరు మూసుకోమనే అధికారం రాయప్ప గారికి ఎక్కడినుంచి వచ్చింది? అది కనుక్కుని చెప్పు.

నా చోట ఎవర్ని పెట్టారనుకున్నావు? జోజిబాబుని. మైకు సెట్టు వాడిదే కదా, గొంతు పెద్దగా వినిపిస్తుందట. ప్రార్థనకి ముందు వాడు "హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ" అంటాడు. ముసలి ఇన్నాసమ్మ "ఆమెన్" అంటుంది. మొన్న రత్నకుమారి ప్రధానం రోజున పుస్తకంలో పేజీలు అతుక్కుని, ఆశీర్వాదం మధ్యలోంచి చావు ప్రార్థనలోకి దూకి, పెళ్లికూతురికి నిత్య విశ్రాంతి దయచేయమని వేడుకున్నాడు. మగపెళ్లివారు తాంబూలాలు పుచ్చుకోకుండా లేవబోతుంటే నేనే బతిమాలి కూర్చోబెట్టాను. మీ బావ మూల కూర్చుని పెదాలు కదుపుతూనే ఉన్నారు, అలవాటు పోక.

గుడిలో వెనక వరసలో కూర్చుని వింటున్నాను శౌరీ. ఊరికే వినడం ఇంత కష్టమని తెలియదు. ఏడుపొస్తోంది.

పోతయ్య కొత్త పడవ చేయిస్తున్నాడు. వాళ్లు వెంకటేశ్వరస్వామికి మొక్కుతారు, గంగమ్మకి కొబ్బరికాయ కొడతారు, ఆ పైన నా ప్రార్థన కూడా పడాలంటారు. డెబ్బై ఏడు ఉప్పెన నాటినుంచీ వాళ్లకిది ఆనవాయితీ. నన్ను ఫాదరమ్మ గారంటారు. పూజారి గారింటి ఆడవాళ్లని పూజారమ్మ అంటారు కదా, ఫాదర్ గారి అక్క ఫాదరమ్మే అవుతుందని వాళ్ల లెక్క. నేను దిద్దలేదు. ఎందుకు దిద్దలేదంటే, వినడానికి బాగుంది. పాపం ఒప్పుకున్నాను, పాపసంకీర్తనం కింద రాసుకో.

అక్క

---

గుడివాడ
18-9-1994

అక్కా,

నన్ను ముంచావు. ఈ ఉత్తరంతో పాటు ఒక కరపత్రం పంపుతున్నాను. నీకు తెలియదని అనకు. మీ పోతయ్య అవనిగడ్డలో పచ్చ కాగితం మీద అచ్చు వేయించాడు. దానిమీద ఇలా ఉంది:

"శ్రీ వేంకటేశ్వరస్వామి వారి కృపచేతను, గంగమ్మ తల్లి దయచేతను, యేసుప్రభువు వారి ఆశీస్సులతోను మా నూతన పడవ జలప్రవేశ మహోత్సవం (తేదీ: పడవ పూర్తయ్యాక). శ్రీమతి ఫాదరమ్మ గారి దివ్యహస్తములచే జరుగును. తదనంతరం చేపల పులుసుతో భోజనములు. ముఖ్య అతిథి: బిషప్ గారు (వస్తే)."

పోతయ్య స్వయంగా బస్సెక్కి వెళ్లి దీన్ని బిషప్ గారి చేతికే ఇచ్చాడట. ఒక బుట్టెడు పీతలతో సహా. బిషప్ గారు నాకు ఫోన్ చేశారు. "ఫాదర్ బాలశౌరీ, మన మేత్రాసనంలో శ్రీమతి ఫాదరమ్మ అని ఒకరున్నారట. ఫాదర్లలో శ్రీమతులు ఎప్పటినుంచి?" అన్నారు. నేను లైను సరిగా లేదన్నాను. లైను చక్కగా ఉంది.

అసలు పిడుగు ఇప్పుడు చెబుతాను. అక్టోబరు నెలాఖరున బందరులో మన ఫాదర్లందరి సమావేశం. పోప్ గారి ఉత్తరాన్ని సమర్థిస్తూ ప్రసంగించమని ఆయన నన్నే నియమించారు. ఇది పరీక్షో శిక్షో నాకు తెలియదు. ఫాదర్ రాయప్ప గారు ముందు వరసలో కూర్చుంటారు.

కాబట్టి రెండు పనులు చెయ్యి. ఒకటి, ఆ పడవ జోలికి వెళ్లకు. రెండు, ఆడవాళ్లకు గురుపట్టం ఎందుకు కూడదో ఒక ప్రసంగం రాసి పంపు. కొంచెం గట్టిగా రాయి.

శౌరి

---

చినలంక
29-9-1994

ఫాదర్ బాలశౌరి గారికి,

కోడిని కోసేముందు దాని మసాలా దానిచేతే నూరించే ఇల్లు నేనెక్కడా చూడలేదు.

మీరే రాసుకోండి. ఇంట్లో మొగుడికీ గుడివాడలో తమ్ముడికీ వెనకనుంచి పాడి పాడి నా గొంతూ అలిసిపోయింది. రాయప్ప గారికి ఒక్క ముక్క రాయమంటే మీకు విభక్తులు గుర్తొచ్చాయి. నాకిప్పుడు అక్షరాలు గుర్తు రావడం లేదు.

ఆరోగ్యమ్మ

---

గుడివాడ
14-10-1994

అక్కా,

నన్ను "గారు" అన్నావు. పుట్టి బుద్ధెరిగాక నువ్వు నన్ను అంత మాట అనలేదు. రెండు రోజులు అన్నం సయించలేదు.

ప్రసంగం నేనే రాశాను. వంటమనిషి రాంబాబుని ఎదురుగా కూర్చోబెట్టి చదివాను. రెండో పేరా దాటకుండా నిద్రపోయాడు. లేపి అభిప్రాయం అడిగితే, "బాగుందండీ, ఎప్పుడు మొదలెడతారు?" అన్నాడు.

నీ కాళ్లు పట్టుకుంటాను. నువ్వు ఏది నిజం అనుకుంటే అదే రాయి. సమర్థిస్తావో, తిడతావో నీ ఇష్టం. నేను చదువుతాను. ఆ తర్వాత ఫాదర్ రాయప్ప గారితో నీ గురించి మాట్లాడతాను. విభక్తులు గుర్తొచ్చినా సరే, మాట్లాడతాను.

శౌరి

---

బందరు
27-10-1994

అక్కా,

హాలు పక్క గదిలో గడియ పెట్టుకుని రాస్తున్నాను. బయట ఇంకా నవ్వుతున్నారు.

నీనుంచి ప్రసంగం రాదనే అనుకున్నాను. పొద్దున సమావేశానికి వెళ్తుంటే గేటు దగ్గర మీ పోతయ్య. "ఫాదరమ్మ గారు పంపారండీ" అని ఎండుచేపల వాసన కొడుతున్న కవరు నా చేతిలో పెట్టాడు. విప్పేలోపే లోపలినుంచి నా పేరు పిలిచారు. అక్కా, నీ ప్రసంగం నేనెప్పుడూ తిరగరాసుకోకుండా చదవలేదు. ఇవాళ ఆ పది నిమిషాలు కూడా దొరకలేదు.

మొదటి పేజీ హాయిగా సాగింది. పోప్ గారి మాట గౌరవించాలి అన్నావు, అందరూ తలలూపారు. ఫాదర్ రాయప్ప గారు చిరునవ్వు నవ్వారు, నా జన్మలో మొదటిసారి చూశాను ఆయన పళ్లు. ఆ ఉత్సాహంలో పేజీ తిప్పి, గొంతు పెంచి, బల్ల గుద్ది చదివాను:

"నా మూడో కాన్పప్పుడు..."

చదివాక గానీ ఏం చదివానో నాకు తెలియలేదు. వెనక వరసలో చెవిటి ఫాదర్ ఇన్నయ్య గారు పక్కాయన్ని గట్టిగా అడిగారు.

"ఎవరికి కాన్పు?"

"మన శౌరికండీ."

"మూడోదా? మొదటి రెండూ మనకి చెప్పలేదే!"

కుర్చీలు ఎగిరిపడ్డాయి. ఆపేద్దామని కాగితం మడిచాను. బిషప్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "మడవకండి ఫాదర్. బిడ్డ పుట్టాడా లేదా? అది చెప్పకుండా దిగడానికి వీల్లేదు" అన్నారు. చదివాను. నువ్వేం రాశావో నీకు గుర్తుండకపోవచ్చు, నాకు మాత్రం ఈ జన్మకి మరుపు రాదు.

"నా మూడో కాన్పప్పుడు మంత్రసాని ఊళ్లో లేదు. పోతయ్య తల్లి వచ్చి పురుడు పోసింది. మంత్రసాని పోయలేదు కాబట్టి వీడు బిడ్డ కాడని ఎవరూ వెనక్కి పంపలేదు. ఆవిడా మర్నాడు వాకిట్లో మంత్రసాని అని బోర్డు కట్టుకోలేదు. పోప్ గారు బోర్డు ఇవ్వలేనన్నారు. సరే, ఆయన ఇష్టం. కానీ పురుడు పోసినమ్మకి పీట వేసి, నువ్వే పోశావమ్మా అని నలుగురిలో చెప్పడానికి ఎవరి అనుమతి కావాలి?"

అప్పుడు ఎవరూ నవ్వలేదు అక్కా.

బిషప్ గారు, "ఈ ప్రసంగం ఎవరిది?" అన్నారు. మా అక్కది అన్నాను. నోట్లోంచి ఒక మాట వచ్చాక రెండోది ఆగలేదు. ఇదొక్కటే కాదు, కోడి సిగ్గుపడటం కూడా ఆవిడదే, అన్నీ ఆవిడవే, మీరడిగిన చినలంక ఫాదరమ్మ ఆవిడే, ఆవిణ్ణే ఫాదర్ రాయప్ప గారు నోరు మూసుకోమన్నారు అన్నాను. లాటిన్ మాస్టారి మొహం చూడకుండా అన్నాను గానీ, అన్నాను.

బిషప్ గారు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. "ఆ పడవ నీళ్లలో దించేదెప్పుడు?" అని మాత్రం అడిగారు. ఆయన కరపత్రం ఇంకా దాచుకున్నారు. నాకు భయంగా ఉంది. నా గురుపట్టం ఊడితే మీ లంకలో పెదాలు కదిపే ఉద్యోగం ఏమన్నా ఖాళీ ఉందేమో చూడు.

శౌరి

---

చినలంక
15-11-1994

నా బంగారు తమ్ముడికి,

నువ్వు నా మూడో కాన్పు పడ్డావని తెలిసి మీ బావ నవ్విన నవ్వుకి ఇంకా దగ్గు తగ్గలేదు. నేను కావాలని చేశానని అనుకోకు. ఎప్పుడూ అలాగే రాస్తాను, మార్చుకునేది నువ్వు. ఆలస్యంగా పంపింది మాత్రం కోపంతోనే.

నువ్వు గుడివాడలో పూజ వదిలి రాలేకపోయావు గానీ, ఆదివారం ఇక్కడ ఏం జరిగిందో చూడాల్సింది. బిషప్ గారు నిజంగానే వచ్చారు. పక్కన రాయప్ప గారు, ఆముదం తాగిన మొహంతో. జోజిబాబు రేవులో మైకు కట్టి, "హలో, బిషప్ గారు వచ్చారు, వన్ టూ త్రీ" అన్నాడు. పోతయ్య పడవకి పసుపు రాశాడు, ముందు కొనకి బంతిపూల దండ వేశాడు, పెడన అద్దకం దుప్పటి పరిచి బిషప్ గారిని పడవలోనే కూర్చోబెట్టాడు. ఆ దండ చూసి మేక కూడా పడవెక్కింది.

నేను వెనక, జనంలో నిలబడ్డాను. నువ్వు వెళ్లొద్దన్నావు కదా. పోతయ్య కొబ్బరికాయ కొట్టి, "ఏరండీ ఫాదరమ్మ గారు?" అని వెతుకుతున్నాడు. రాయప్ప గారు, "ఆవిడ ఫాదరూ కాదు, ఏమీ కాదు. ఆవిడ ప్రార్థన చెప్పకూడదు" అన్నారు.

పోతయ్య ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని అన్నాడు: "అయ్యా, ఉప్పెనకి మాయమ్మ పోయింది. మీ ఫాదర్లు రాటానికి దారి లేదు. మా పంతులు గారు బతికున్నారో లేదో తెలవదు. మోకాళ్ల లోతు బురదలో నిలబడి మాయమ్మకి ఈవిడే పార్థన చెప్పిందండీ. మాయమ్మ ఒక్కదానికే కాదు, ఏ కులమో ఏ ఊరో తెలవనోళ్లందరికీ చెప్పింది. మీ దేవుడేం అడ్డం చెప్పలేదు. మాయమ్మా చెప్పలేదు. మరి మీకేందండీ?"

నాకు పురుడు పోసింది ఆవిడే శౌరీ. ఆ చేతుల మీద మట్టి వేస్తూ ఏం ప్రార్థన చెప్పానో నాకే గుర్తు లేదు. అంతమందిలో అక్కడే ఏడ్చేశాను.

బిషప్ గారు పడవలోంచి లేచారు. పడవ ఊగింది, మేకని పట్టుకుని నిలదొక్కుకున్నారు. "గురుపట్టం నా చేతిలో లేదు. పోప్ గారి చేతిలోనే లేదట. ఆ సంగతి దేవుడికి వదిలేద్దాం. కానీ చినలంక ఉపదేశి ఎవరన్నది నా చేతిలోనే ఉంది. ఆరోగ్యమ్మా, నువ్వు ఒప్పుకుంటావా?" అన్నారు.

నా నోరు పెగల్లేదు. ఇన్నేళ్లు ఇంతమందికి మాట అందించినదాన్ని, నాకు మాట లేకుండా పోయింది. అప్పుడు పక్కనుంచి పాత తలుపు తీసినట్టు ఒక గొంతు వచ్చింది. "ఒప్పుకుంటుందండీ!" మీ బావ! ఏడాదికి పైగా మూగబోయిన మనిషి! నా జీవితంలో ఒక్క మాట నేను చెప్పుకోవాల్సి వస్తే, అది ఆయన చెప్పేశారు.

పడవకి ప్రార్థన చెప్పాను. ముందు నిలబడి, స్తంభం లేకుండా. రాయప్ప గారు ఒక్క షరతు పెట్టారు, పీఠం కటకటాల లోపలికి మాత్రం నేను వెళ్లకూడదని. సరేనన్నాను. ఆయన చేపల పులుసు రెండుసార్లు వడ్డించుకున్నారు. జోజిబాబు మైకుకే పరిమితం. మేక మాత్రం రోజూ కటకటాల లోపలికే వెళ్తోంది, దానికి ఎవరూ ఏ ఉత్తరం రాయలేదు కాబోలు.

అక్క

---

గుడివాడ
16-12-1994

అక్కా,

ఇకనుంచి నా ప్రసంగాలు నేనే రాసుకోవాలని నిర్ణయించుకున్నాను. మొదటి ఆదివారం అయ్యాక గుడ్లవల్లేరు లెక్చరరు నన్ను పక్కకి పిలిచి, "ఒంట్లో బాగుంటోందా ఫాదర్?" అన్నాడు. ఇన్నాళ్లూ మీరు విన్నవి మా అక్కవి అని పోయిన ఆదివారం పీఠం మీదనుంచే చెప్పాను. జనం నన్ను చూసి జాలిపడ్డారు. వచ్చే నెల నిన్ను పిలిపించమని అడుగుతున్నారు.

అయినా పట్టుదలగా క్రిస్మస్ ప్రసంగం ఒకటి రాశాను. రాంబాబు మూడో పేరా దాకా మెలకువగా ఉన్నాడు. దాన్ని నీకు పంపుతున్నాను. ఇన్నేళ్లూ నీ మాటలు నేను చదివాను. ఒక్కసారి నా మాటలు నువ్వు చదివి చూడు. "నేను" అన్నచోటల్లా చూసుకుని మార్చుకో.

శౌరి

---

చినలంక
27-12-1994

తమ్ముడు ఫాదర్ బాలశౌరికి,

నీ ప్రసంగం పండగ రోజు ఉదయం ప్రార్థనలో చదివాను. ముందుగా, "ఇది మా తమ్ముడు రాసింది" అని చెప్పే చదివాను. బాగానే ఉంది. నీ అంతట నువ్వు రాస్తే ఇంత బాగుంటుందని నాకు ముందే తెలిస్తే ఇన్నేళ్లు నా కిరోసిను ఖర్చు చేసేదాన్ని కాదు.

రెండో పేరాలో నువ్వు ఇలా రాశావు: "ఇవాళ పొద్దున గడ్డం గీసుకుంటూ అద్దంలో చూసుకుంటే, బేత్లెహేము పొలాల్లో నిద్రలేని గొర్రెల కాపరి మొహం నాలో కనిపించింది." నాకు ముందే కనిపించింది ఆ వాక్యం. పండగ ముందు రోజే రెండుసార్లు చదువుకున్నాను. కావాలంటే మార్చేదాన్నే.

మార్చలేదు. మైకులో, గుడి నిండా జనం ముందు, "ఇవాళ పొద్దున గడ్డం గీసుకుంటూ" అని గట్టిగా చదివాను.

ఒక్కరూ నవ్వలేదురా. అందరూ శ్రద్ధగా విన్నారు. ప్రార్థన అయ్యాక ముసలి ఇన్నాసమ్మ దగ్గరికొచ్చి నా చుబుకం తడిమి చూసి, "రోజూ గీయాలా తల్లీ? ఫాదర్లయ్యాక తప్పదు గావాల" అని నిట్టూర్చి వెళ్లింది.

ఎందుకు చదివావే అని మీ బావ తిట్టారు. ఆయన గొంతు ఇప్పుడు తిట్టడానికి మాత్రం బాగా వస్తోంది. ఏం చెప్పను? అంతమంది ఫాదర్ల ముందు నువ్వొక్కడివే నా కాన్పు పడ్డావు. తోడబుట్టినదాన్ని, నీకోసం నేనొక గడ్డం గీసుకోలేనా?

ఈసారి ఉత్తరం చివర నీ ఆశీస్సులు పంపు. తీసుకుంటాను.

ఇట్లు,
ఉపదేశి ఆరోగ్యమ్మ